కదలనివాడు కనబడడు

ఫ్యాక్టరీ క్వార్టర్లు,
వెనక వరుస, చివరి ఇల్లు.

తమ్ముడికి,

మీ బావ కాలు విరగ్గొట్టింది నువ్వే.

గుద్దింది బండి. బండికి డ్రైవర్ లేడు. డ్రైవర్ పని కెమెరా చేస్తోంది. ఆ కెమెరాకు కన్ను నీ ల్యాబులో పుట్టింది. ఇంతకంటే దగ్గరి దారిలో నీ ఇంటికి రావడం నాకు చేతకాదు. ఫోన్ చేద్దామనుకున్నాను కానీ, నేను గొంతు పెంచగానే నీకు సిగ్నల్ పోతుందని అనుభవం. కాగితానికి ఆ జబ్బు లేదు. నువ్వు కూడా కాగితం మీదే జవాబు చెప్పు.

మా షెడ్డు నువ్వు చూడలేదు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. చల్లార్చే బట్టీలోంచి గాజు పలకలు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తాయి. వాటిలో బుడగలూ గీతలూ ఉన్నాయేమో చూడడం మీ బావ పని. తల కదిపితే గాజులో వెలుగు కదులుతుంది. వెలుగు కదిలితే బుడగ దాక్కుంటుంది. అందుకని ఆ పని చేసేవాడు ఊపిరి తప్ప మరేదీ కదపకూడదు. షెడ్డంతా ఆయన్ని 'స్తంభం' అని పిలిచేది అందుకే. వెలుగు సరిగ్గా పడే చోటు ఒక్కటే ఉంది, అది గాజు మోసే బండి పట్టాల మధ్య. షెడ్డు కట్టినవాడి తెలివి అది. అయినా ఇన్నేళ్లూ ఎవరికీ ఏమీ కాలేదు, ఎందుకంటే బండి ముందు గంటాయన నడిచేవాడు. గంట మోగితే మీ బావ పక్కకు జరిగేవాడు. బండి పోయాక మళ్లీ వచ్చి నిలబడేవాడు.

తర్వాత షెడ్డు గోడ మీదికి కెమెరా వచ్చింది. గంటాయన్ని ప్యాకింగుకు, అంటే నా పక్క బల్లకు పంపారు. వేడిని చూసే కన్ను కాబట్టి దుమ్ములోనూ బట్టీ వెలుగులోనూ మోసపోదని, పట్టాల మీద మనిషి ఉంటే బండి తనంతట తానే ఆగుతుందని షెడ్డు మేనేజర్ మైకులో చెప్పాడు. "ఆ కన్ను మా తమ్ముడి ల్యాబులోది" అని నేను కూడా నలుగురికీ చెప్పుకుని తిరిగాను. ఆ గొప్పలు ఈ ఉత్తరం ద్వారా వెనక్కి తీసుకుంటున్నాను.

బండి ఆగలేదు. చక్రాల చప్పుడు మరీ దగ్గరికొచ్చాక మీ బావ పక్కకు దూకబోయాడు. ఒంటిని తప్పించగలిగాడు, పాదాన్ని తప్పించలేకపోయాడు.

విచారణ పెట్టారు. కెమెరా తీసిన బొమ్మ తెర మీద వేశారు. అంతా బూడిదరంగు. పట్టాలు కూడా కనబడవు. "పట్టాలు ఇక్కడుంటాయి" అని మేనేజర్ కర్రతో చూపించాడు. బండి వస్తోంది. దాని ముందు ఎవరూ లేరు. ఉన్నట్టుండి తెల్లటి మనిషి ఒకడు ప్రత్యక్షమయ్యాడు, బండి తగిలింది. విచారణాధికారి మర్యాదస్తుడు.

"చూశారుగా అమ్మా. అక్కడ మనిషి లేడు. మీ ఆయన పరిగెత్తుకొచ్చి బండి కింద పడ్డాడు."

"ఎక్కణ్ణుంచి పరిగెత్తుకొచ్చాడండీ?"

"అది ఆయనే చెప్పాలి."

తెల్ల మనిషి పక్కన అదే కొలతలో నల్లటి మనిషి ఆకారం ఒకటి ఉంది. అదేమిటని అడిగాను. మేనేజర్ "నీడ" అన్నాడు. విచారణాధికారి తల ఊపాడు.

మనిషి లేడన్న మాట ఖాయమైతే, తప్పు మీ బావది. ఉద్యోగం పోతుంది. ఉద్యోగంతో పాటు ఈ ఇల్లు పోతుంది. కాలు బాగుచేయించే పూచీ కూడా ఫ్యాక్టరీకి ఉండదు. నీ కన్ను అబద్ధం చెప్పిందని నువ్వు చెప్పాలి. చెప్పు.

నీ అక్క

*

డిటెక్టర్ల ల్యాబు,
పొరలు పెంచే గది.

అక్కకు,

బావ సంగతి చదివి చాలా బాధపడ్డాను. కట్టు ఎప్పుడు విప్పుతారు? కాలి కింద దిండు పెట్టుకోమను.

నీ ఉత్తరం మిగతాదంతా ఉత్తరంలా లేదు, కరపత్రంలా ఉంది. కూడలిలో నిలబడి పంచినట్టుంది. కోపం తగ్గాక ఇది చదువు.

మేం చేసేది అబద్ధం చెప్పే వస్తువు కాదు. పలుచటి బిళ్ల మీద రెండు రకాల పదార్థాల్ని పొర మీద పొరగా పెంచుతాం. ఒక్కో పొర మందం వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని అణువులు. ఒక రకం పొర బావి అనుకో, రెండో రకం దాని గట్టు. ఎలక్ట్రాన్ ఆ బావిలో కప్ప. మనిషి ఒంట్లోంచి కంటికి కనబడని వేడి వెలుగు వస్తూ ఉంటుంది. అది సరిగ్గా కావలసినంత తన్నితే కప్ప గట్టెక్కుతుంది. గట్టెక్కిన కప్పల్ని లెక్కపెడితే బొమ్మ. ఆ బిళ్లను గళ్లు గళ్లుగా కోస్తాం, ఒక్కో గడి బొమ్మలో ఒక్కో చుక్క. తన్నకపోయినా దూకే ఆకతాయి కప్పలుంటాయి కాబట్టి మొత్తం కన్నును గాలి నీరయ్యేంత చలిలో ఉంచుతాం. ఇంకో తమాషా, నేరుగా పడిన వెలుగును ఈ బావులు పట్టుకోవు. పైన సన్నటి గాడులు చెక్కి వెలుగును పక్కకు తిప్పి ఇస్తేనే తీసుకుంటాయి.

గోడ మీద అరచెయ్యి ఆనించి తీసెయ్. చెయ్యి వెళ్లిపోయాక కూడా గోడ మీద మిగిలిన చేతి వేడిని ఇది చూస్తుంది. అలాంటిదానికి నిండు మనిషి కనబడలేదంటే నేనేం చెప్పను? బావ అలసిపోయి ఉంటారు. పక్కన కూర్చుని కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, పట్టాల మీదికి వచ్చి ఉంటారు. తప్పని నేననడం లేదు. మనిషన్నాక నిద్ర వస్తుంది. కెమెరాకు రాదు.

నమ్మకం లేకపోతే మీరే పరీక్ష చేసుకోండి. పట్టాల మీద మనుషుల్ని నిలబెట్టి తెర చూడండి. ఒక్కడు కనబడకపోయినా నాకు రాయి.

ప్రేమతో,
తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్లు.

పండితుడికి,

బావిలో కప్పల గురించి నాకు నేర్పనక్కర్లేదు. ఒకటి నాకు తమ్ముడిగా పుట్టింది.

నేరుగా వచ్చినదాన్ని పట్టించుకోకుండా, పక్కకు తిప్పి ఇస్తేనే పుచ్చుకుంటుందని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం నిజం. మా పర్సనెల్ ఆఫీసు కూడా అదే పదార్థంతో కట్టారు.

నువ్వు చెప్పినట్టే పరీక్ష పెట్టమని యూనియన్ తరఫున నేనే అడిగాను. పెట్టారు. బండి ఆపి, పట్టాల మీదికి ఒక్కొక్కరినే పంపారు. మేనేజర్ వెళ్లాడు, నిలబడ్డాడు, చెయ్యి ఊపాడు. తెర మీద తెల్లగా మెరిసిపోయాడు. మేస్త్రీ వెళ్లాడు, రెండు చేతులూ ఊపాడు. గంటాయన వెళ్లి, చాలా రోజులకు తన చోటుకు వచ్చానన్న సంతోషంలో నాలుగు అడుగులు డాన్సు వేశాడు. అందరూ కనబడ్డారు. గంటాయన కాలి వేళ్లతో సహా కనబడ్డాడు. షెడ్డంతా నవ్వులు. నేను అడిగి పెట్టించిన పరీక్ష నా మొగుడికి ఉరితాడు పేనింది. విచారణాధికారి నా వైపు జాలిగా చూసి, "ఇంకేమైనా పరీక్షలున్నాయా అమ్మా?" అన్నాడు.

ఇక మీ బావ. నువ్వు 'కునుకు' అన్నావు. నేను ఆయనకు చదివి వినిపించకూడదనుకున్నాను, కానీ ఆయన ఉత్తరం చేతిలోంచి లాక్కుని తానే చదివాడు. మర్నాటి నుంచి మొదలైంది.

"ఏమో, నిజంగా నేనక్కడ లేనేమో."

"లేకపోతే ఎక్కడున్నావు?"

"అదే గుర్తు రావడం లేదు. బొమ్మలో లేనుగా. నేను చూశాను. నువ్వూ చూశావు."

ఇన్నేళ్లుగా గాజులో గుండుసూది తలంత బుడగను పట్టుకున్న మనిషి. తన కళ్లను తాను నమ్మడం మానేశాడు. తాను అక్కడ లేనని మీ బావ ఒప్పుకుంటున్నాడు. కాలు మాత్రం ఒప్పుకోవడం లేదు.

యంత్రాన్ని చూపించి మనిషి మాటను కొట్టెయ్యడం కొత్త కాదు. గడియారం వచ్చిన రోజే మన నాయనమ్మల కాలం వాళ్లు ఆలస్యంగా వచ్చినవాళ్లయ్యారు. కానీ మనిషి చేత "నేను లేను" అని అనిపించిన ఘనత మీ ల్యాబుదే. దీన్ని మీ గోడకు తగిలించుకోండి.

చివరగా ఒక మాట. నా ఉత్తరంలో ప్రతి ముక్కకూ జవాబు రాశావు. దిండు దాకా రాశావు. నల్లటి ఆకారం గురించి మాత్రం ఒక్క అక్షరం లేదు. మరిచిపోయావా?

అక్క

*

డిటెక్టర్ల ల్యాబు,
కార్యాలయ విభాగం.

గౌరవనీయులైన అక్కగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందినది. బావగారి ఆరోగ్యం కుదుటపడుతున్నదని ఆశిస్తున్నాను. ఎముక అతుక్కునే సమయంలో ఓపిక అవసరమని వైద్యులు చెబుతారు.

మా సంస్థ తయారుచేసిన పరికరాల పనితీరు గురించి బయటివారితో చర్చించడానికి నియమాలు అనుమతించవు. అందువల్ల మీ చివరి ప్రశ్నకు జవాబు ఇవ్వలేకపోతున్నందుకు విచారిస్తున్నాను. ఏవైనా సందేహాలుంటే కొనుగోలుదారు, అనగా మీ ఫ్యాక్టరీ యాజమాన్యం, నిర్ణీత పద్ధతిలో సంప్రదించవచ్చు.

బావగారిని అడిగినట్టు చెప్పగలరు.

ఇట్లు,
మీ తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్లు.

ఒరేయ్,

నీకేదో తెలిసింది.

నువ్వు నన్ను 'గారూ' అన్నది పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు. నీ మర్యాద చూసి మొదట మీ ఇంట్లో ఎవరైనా పోయారేమో అనుకున్నాను. 'అందినది' అట. 'అనగా' అట. ఏ గుమస్తా పక్కన నిలబడి రాయించాడురా?

నీ మర్యాద సంగతి అలా ఉంచి, ఇక్కడి మర్యాదలు చూడు. విచారణ ఇంకా తేలకుండానే షెడ్డులో నోటీసు అంటించారు. "బండి మార్గమున పనిచేయు కార్మికులు భద్రత దృష్ట్యా ఎల్లప్పుడూ కదులుతూ ఉండవలెను." ఎందుకో రాయలేదు. పరీక్షలో కదిలినవాళ్లంతా కనబడ్డారు కాబట్టి, కదలడం మంచిదని మేనేజర్‌కు తోచిందట. మనిషి లేడని వాదిస్తూనే, ఉన్న మనుషులు కదలాలని నోటీసు పెట్టారు. ఈ రెంటికీ ఏం సంబంధమని నేనడిగితే "భద్రత ఎక్కువైతే నష్టమేమిటమ్మా" అన్నాడు.

ఇప్పుడు మా షెడ్డు చూడాలి నువ్వు. మీ బావ చోటులో ఒక కుర్రదాన్ని పెట్టారు. ఆమె ఒక చేత్తో తన కళ్ల మీద వెలుగు పడకుండా అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి ఊపుతూ బుడగలు చూస్తుంది. తల కదులుతుంది కాబట్టి బుడగలు కనబడవు. బుడగలున్న గాజు ప్యాకింగుకు వస్తోంది, మేం గుట్టుచప్పుడు కాకుండా గడ్డి చుట్టి పంపిస్తున్నాం. నూనె వేసేవాడు వేస్తూ ఒక కాలు ఊపుతాడు. కొత్తగా చూడ్డానికి వచ్చినవాళ్లు తమకు స్వాగతం చెబుతున్నారనుకుని తిరిగి చేతులు ఊపుతున్నారు.

నవ్వొచ్చిందా? నాకూ వచ్చింది. తర్వాత ఇంటికొచ్చాను. మీ బావ మంచం మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. "నా అజాగ్రత్త వల్ల బండి మార్గములోనికి ఆకస్మికముగా ప్రవేశించితిని" అని వాళ్లే టైపు చేసి పంపారు. సంతకం పెడితే ఉద్యోగం తీసేసినా, కట్టు విప్పేదాకా ఇంట్లో ఉండనిస్తారట.

"పెట్టేస్తానే. బొమ్మలో లేని మనిషిని నేనెలా రుజువు చెయ్యను?"

కలం దాచాను. ఇంట్లో ఉన్న కలాలన్నీ దాచాను. ఈ ఉత్తరం పక్కింటి వాళ్ల పెన్సిలుతో రాస్తున్నాను. చివరి విచారణ నెలాఖరున. ఆయన పెన్సిలుతో సంతకం పెట్టే రకం కాదు, కానీ ఎన్నాళ్లని?

బండి ముందు నడిచేవాణ్ణి తీసేశారు, బాగానే ఉంది. ఆ కన్నులోంచి మీరేం తీసేశారు? నల్లటి ఆకారం ఏమిటి? నీడ అని మాత్రం అనకు. వేడికి నీడ ఉంటుందా? నేను ప్యాకింగు దాన్ని, నాకే అనుమానం వచ్చింది.

అక్క

*

ల్యాబు ఎదురుగా,
బస్సు స్టాపు బెంచీ.

అక్కా,

ఇది లోపల రాయకూడదని బయటికొచ్చి రాస్తున్నాను. చదివి చింపెయ్.

నల్లటి ఆకారం అన్న మాట నీ మొదటి ఉత్తరంలోనే నన్ను పట్టుకుంది. పట్టుకోలేదని అనిపించుకోవాలని కప్పల కథ రాశాను. రెండోసారి అడిగాక ఊరుకోలేక, దిద్దుబాటు గదికి వెళ్లాను. నా గదిలో పొరలు పెంచుతాం. వాటిని కోసి, చిప్పుకు అతికించి, గళ్లు చెప్పే లెక్కల్ని బొమ్మగా దిద్దేది పక్క గది. అక్కడ మీ ఫ్యాక్టరీకి ఇచ్చినలాంటిదే ఒక కెమెరా స్టాండుకు బిగించి ఉంది. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. నిలబడగానే నా చెయ్యి దానంతట అదే లేచి ఊగింది.

అప్పుడు తట్టింది. ఈ ల్యాబులో ఎవరు ఈ కెమెరా ముందుకొచ్చినా చెయ్యి ఊపుతారు. డైరెక్టరు, తుడిచే ఆవిడ, చూడ్డానికొచ్చిన మంత్రి, స్కూలు పిల్లలు, అందరూ. తెర మీద వేడిగా మెరుస్తున్న తనను తాను చూసుకుని ఊపకుండా ఉండలేరు. నేను చేరినప్పటి నుంచి దీని ముందు ఊరికే నిలబడిన మనిషిని ఒక్కణ్ణి కూడా చూడలేదు. మీ షెడ్డులోనూ అదే చేశారు.

కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకున్నాను. దిద్దుబాటు గదిలో నా స్నేహితుడొకడున్నాడు, కళ్లద్దాలవాడు, వాణ్ణి తెర చూడమన్నాను.

"ఉన్నావు," అన్నాడు. కాసేపటికి, "ఉన్నావు గానీ మసకగా ఉన్నావు." ఇంకాసేపటికి, "ఒరేయ్, కుర్చీ పోయింది." ఇంకా చాలాసేపు అలాగే కూర్చున్నాను. "ఉన్నానా?" అని నేనే అడిగాను.

"నోరు కనబడింది. ముయ్యి. ఇప్పుడు లేవు."

లేచి పక్కకు జరిగి నిలబడ్డాను. తెర మీద నేను తెల్లగా నిలబడి ఉన్నాను. నా పక్కన, కుర్చీ చోటులో, నల్లటి నేను కూర్చుని ఉన్నాను.

ఎందుకో చెబుతాను. ఏ రెండు గళ్ల స్వభావమూ ఒకటి కాదు. ఒకే వేడిని చూసి ఒకటి ఎక్కువ చెబుతుంది, ఇంకోటి తక్కువ చెబుతుంది. దిద్దకపోతే బొమ్మంతా పొట్టు చల్లినట్టుంటుంది. పాత కెమెరాల్లో దీనికి ఒక రెప్ప ఉండేది. అంతటా ఒకే వేడి ఉన్న చిన్న రేకు. అది అప్పుడప్పుడూ కన్ను ముందు పడేది. "ఇది సమానం, మీ లెక్కలు సరిచేసుకోండి" అని గళ్లకు చెప్పడం దాని పని. రెప్ప పడినప్పుడు బొమ్మ క్షణంసేపు ఆగేది. కొన్నవాళ్లకు అది చిరాకు. అందుకని రెప్ప తీసేసి దాని చోట ఒక లెక్క పెట్టారు. ఏ గడి అయినా చాలాసేపు పక్కవాళ్ల కంటే ఎక్కువ చెబుతూనే ఉంటే, అది ఎదుటి వేడి కాదు, ఆ గడి పొగరు, కొద్దికొద్దిగా తగ్గించు అని ఆ లెక్క. తిరుగుతూ ఉండే కెమెరాకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. దృశ్యం మారుతూ ఉంటుంది, మారనిది గడి తప్పే అయ్యుంటుంది. మీ షెడ్డులో కెమెరా గోడకు బిగించారు. దాని ముందు బావను నిలబెట్టారు.

కదలని ప్రతిదాన్నీ అది తన లోపం అనుకుని చెరిపేస్తుంది. పట్టాలు కనబడకపోవడమూ అందుకే. బావ నిలబడిన చోట ఆయనంత వేడిని తగ్గించడం నేర్చుకుంది. ఆయన పక్కకు దూకగానే, తగ్గించడానికి మనిషి లేడు, తగ్గింపు మిగిలింది. ఆ నల్లటిది నీడ కాదు. అక్కడ ఒకడు చాలాసేపు కదలకుండా నిలబడ్డాడనడానికి గుర్తు అది. పరిగెత్తుకొచ్చినవాడికి అది ఉండదు.

డైరెక్టరు దగ్గరికి వెళ్లాను.

"సార్, కదలని మనిషి కనబడడం లేదు."

"కదలకుండా ఎవడుంటాడయ్యా?"

"మా బావ సార్."

"మీ బావ కోసం చెయ్యలేదుగా మనం." తర్వాత మెత్తబడి, "చెయ్యి ఊపమను" అన్నారు. నేను కదలకపోయేసరికి, ఆ గౌరవనీయులైన అక్కగారి ఉత్తరం తన బల్ల ముందే రాయించారు.

నిజం నీకు తెలియాలని రాశాను. దీని మీద నా సంతకం అడగకు. పొరలు పెంచడం తప్ప నాకింకో పని రాదు, ఆ యంత్రం ఈ ఊళ్లో ఇంకోటి లేదు. నువ్వు తెలివైనదానివి, ఎవరు చెప్పారో చెప్పకుండా వాదించు.

తమ్ముడు

*

ఫ్యాక్టరీ క్వార్టర్లు.

తమ్ముడూ,

చింపలేదు.

ముందు మీ బావకు చదివి వినిపించాను. కుర్చీ పోయిన దగ్గర ఆపమన్నాడు. మళ్లీ చదవమన్నాడు. నల్లటి నువ్వు కూర్చున్న దగ్గర, కాలు పట్టుకుని మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అయితే నేనున్నానన్న మాట."

"ఉన్నావు."

"అక్కడే ఉన్నాను."

"అక్కడే ఉన్నావు."

"నాకు తెలుసు," అన్నాడు. వారాల తరబడి తెలియని మనిషి. టైపు కాగితాన్ని మడిచి, ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టాడు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. నాకది చాలు అనుకున్నాను.

చాలలేదు. నీ ఉత్తరాన్ని విచారణలో పెడతానన్నాను. మీ బావ అడ్డం పడ్డాడు. "వాడి పొట్ట కొట్టకు. నాకు తెలిసింది, నీకు తెలిసింది, ఇంక ఎవరికి కావాలి?" అన్నాడు. ఇద్దరు మగవాళ్లు, ఒకడు కాలు ఇచ్చుకుని, ఇంకొకడు నోరు కుట్టుకుని, ఒకరి మీద ఒకరు త్యాగాలు కురిపించుకుంటున్నారు. మధ్యలో బండి మాత్రం హాయిగా తిరుగుతోంది.

ఎవరు చెప్పారో చెప్పకుండా వాదించమన్నావు. వాదించాను. నిన్న విచారణాధికారి గదికి వెళ్లి, "బొమ్మలో కనబడలేదు కాబట్టి మనిషి లేడంటున్నారు. బొమ్మలో పట్టాలూ కనబడలేదు. మరి బండి దేని మీద వచ్చిందండీ?" అన్నాను. ఆయన నా ప్రశ్న రాసుకున్నాడు. మంచి ప్రశ్న అన్నాడు. దీనికి నిపుణుడి జవాబు రాతపూర్వకంగా ఉంటే పరిశీలిస్తానన్నాడు. ప్యాకింగు మనిషి ప్రశ్న అడగవచ్చు, జవాబు చెప్పడానికి మాత్రం నిపుణుడు కావాలి. ఇది వీళ్లు కట్టిన లోకం. నేను దీన్ని ఏదో ఒక రోజు మారుస్తాను. నెలాఖరులోగా మార్చలేను.

నీ ఉద్యోగం పోవాలని నాకు లేదురా. కానీ నువ్వు లెక్క తప్పుతున్నావు. ఒకవైపు నీ ఉద్యోగం, ఇంకోవైపు మీ బావది అని తూచుతున్నావు. రెండో వైపు మీ బావ ఒక్కడే లేడు. ఆ చోటులో ఇప్పుడొక పిల్ల నిలబడింది. పని మీద మనసు పడితే ఆమె చెయ్యి ఊపడం మరిచిపోతుంది. మంచి పనిమంతురాలు, తప్పకుండా మరిచిపోతుంది. మీరు కెమెరాలు ఇంకెన్ని గోడలకు బిగించారో నాకు తెలియదు. వాటి ముందు పని మీద మనసు పెట్టిన ప్రతివాడూ మీ లెక్కలో లోపమే.

డిమాండ్లు రాసి పంపుతున్నాను. కింద సంతకం చోటు ఖాళీగా ఉంది. నేను పెడితే కరపత్రం అవుతుంది. నువ్వు పెడితే సాక్ష్యం అవుతుంది. పెట్టకపోతే తిప్పి పంపు, నేను మాట్లాడడం మానెయ్యను, అది నీ అదృష్టం అనుకో, దురదృష్టం అనుకో.

అక్క

*

డిటెక్టర్ల ల్యాబు,
పొరలు పెంచే గది.

అక్కా,

నీ డిమాండ్లలోంచి విశేషణాలు తీసేశాను. 'రక్తదాహం' నాలుగు చోట్ల ఉంది, 'నిస్సిగ్గు' లెక్కపెట్టలేదు. అవి లేకపోయినా వాక్యాలు నిలబడుతున్నాయి, చూసుకో. రెండు డిమాండ్లు నేను కొత్తగా చేర్చాను.

కళ్లద్దాలవాడు కుర్చీ ప్రయోగం మళ్లీ చేసి, మొదటి నుంచి చివరి దాకా బొమ్మ తీసి ఇచ్చాడు. ఈసారి వాడే కూర్చున్నాడు. వాడి మొహం లేకుండా పోయే దాకా ఓపిగ్గా కూర్చున్నాడు. దాన్ని జత చేస్తున్నాను.

డైరెక్టరుకు ముందే చెప్పాను. ఆయన నా గది తాళంచెవి అడిగి తీసుకున్నారు. యంత్రంలో పొరలు పెరుగుతున్నాయి, మధ్యలో ఎలా ఆపాలో ఇంకెవరికీ తెలియదు కాబట్టి అవి పూర్తయ్యేదాకా ఉండమన్నారు. ఇవి చక్కగా వస్తున్నాయి. ఈ ఉత్తరం వాటి పక్కనే రాస్తున్నాను.

బావకు చెప్పు, నేను బస్సెక్కి వస్తున్నాను. సంతకం పెట్టిన కాగితం విచారణాధికారికి నేనే చేతికిస్తాను. కింద ఉన్నది దాని నకలు.

తమ్ముడు

విచారణాధికారి గారికి,

మీ షెడ్డులో బిగించిన కెమెరా కన్నును తయారుచేసే ల్యాబులో పొరలు పెంచే ఇంజనీరును నేను. ఆ కెమెరా కదలని మనిషిని కొంతసేపటికి బొమ్మలోంచి తీసేస్తుంది. రుజువు జత చేశాను. గాయపడిన వ్యక్తి నాకు బావ అవుతారు. ఆ సంగతి వల్ల రుజువు మారదు. మా డిమాండ్లు ఇవి:

1. బండి ముందు గంటతో నడిచే మనిషిని తిరిగి పెట్టాలి. విచారణ ముగిశాక కాదు, ఇవాళే.

2. కన్నుకు రెప్ప తిరిగి బిగించే దాకా ఈ కెమెరా మాట మీద బండి నడపకూడదు.

3. కార్మికులు ఎల్లప్పుడూ కదులుతూ ఉండాలన్న నోటీసు తీసెయ్యాలి.

4. పరీక్ష మళ్లీ జరగాలి. బండిని గొలుసుతో కట్టి ఉంచాలి. పట్టాల మధ్య నేను నిలబడతాను, చెయ్యి ఊపను. తెర ముందు షెడ్డు కార్మికులు కూర్చోవాలి.

5. ఇలాంటి కెమెరాలను ఎక్కడెక్కడ గోడలకు బిగించారో మా ల్యాబు బయటపెట్టాలి. అక్కడ పనిచేసేవాళ్లకు ఈ సంగతి వాళ్ల భాషలో చెప్పాలి.

6. గాయపడిన కార్మికుడి వైద్యం ఫ్యాక్టరీ చేయించాలి. ఆయన ఉద్యోగం, ఇల్లు ఆయనకే ఉండాలి.

7. విచారణ పత్రంలో "ఆ చోట మనిషి లేడు" అన్న వాక్యాన్ని కొట్టెయ్యాలి. దాని చోట "మనిషి ఉన్నాడు" అని రాయాలి.